మూడో వాచీ వద్దు

ఏమండీ, పాలు కాచి పెట్టాను. పదింటికి కొత్త వాచీ తెచ్చే మనిషి వస్తాడు. తీసుకోకుండా వెనక్కి పంపేయండి.

నేను బేకరీలో పనిచేస్తూ కళ్ళు తిరిగి పడిపోయి రెండేళ్ళయింది. అప్పుడు కొన్న వాచీ నా గుండె వేగం చెప్పేది. అదే చాలు, పాడయ్యేదాకా మార్చక్కర్లేదని డాక్టరుగారన్నారు. మీరు వింటేగా! పోయినేడాది కొన్నది నేనెక్కడున్నానో కూడా మీ ఫోనుకి చేరవేస్తోంది. ఈ కొత్తది నిద్రలో ఎన్నిసార్లు దొర్లానో కూడా చెబుతుందట.

నిన్న పిండి కలిపే అక్క ఏదో అంటే కడుపుబ్బా నవ్వాను. వెంటనే మీ ఫోను. "ఏమైంది? గుండె అంత వేగంగా కొట్టుకుంటోందేం?" అన్నారు. "మెట్లెక్కానండీ" అని అబద్ధమాడాను. నవ్వినందుకు సంజాయిషీ ఇచ్చుకోవాలంటే భయమేసింది.

మీది ప్రేమేనని తెలుసు. కానీ నాకు ఊపిరాడట్లేదండీ. ఇకనుంచి ఉన్నది పాడయ్యాకే ఇంకోటి. ఇవాళ వాచీ బల్లమీద పెట్టేసి వెళ్తున్నాను.

వీధి మలుపు దాకా వెళ్ళి వెనక్కొచ్చి ఇది రాస్తున్నాను. మీరు లేచి, బల్లమీద వాచీ చూసి హడలిపోతారనిపించింది. పెట్టుకునే వెళ్తున్నాను. కొత్తది మాత్రం తీసుకోకండి.