మూత బరువు

పరీక్షల ఆఫీసు అయ్యగారికి,
లేతు మిషను పక్కనుంచి మేస్త్రి నమస్కారాలు.

ముప్పై ఏళ్ళుగా నిలబడి ఇనుము తిప్పుతున్నాను. మోకాళ్ళు ఇక మావల్ల కాదంటున్నాయి. కంప్యూటరులో వస్తువుల డిజైను గీసే మీ పరీక్ష గట్టెక్కితే, డిజైను గదిలో కూర్చోబెడతానని మా యజమాని మాటిచ్చాడు. కోడలి దగ్గర నేర్చుకుంటున్నాను. మీ నమూనా ప్రశ్నల్లో ఏడోది: ఈ బొమ్మలోని ఇత్తడి మూత బరువెంత? నాకు 412 గ్రాములొచ్చింది. మీ జవాబేమో 386. ఏమిటి సంగతి?

మీ మేస్త్రి

తా.క. మా కోడలికి ఓపిక ఎక్కువ. నిన్నటిదాకా.

మేస్త్రిగారికి,

జవాబులు నిపుణులు సరిచూసినవి. మీ ఫైలు పంపితే పరిశీలిస్తాం.

పరీక్షల విభాగం గుమాస్తా

తా.క. బరువు ఊహించి రాయకూడదు.

గుమాస్తాగారికి,

ఊహించానా! మూతని లేతు మీద స్వయంగా చేసి, బంగారం కొట్లో తూయించాను. పంపుతున్నాను, మీరే తూచుకోండి. అడిగారు గనక ఫైలు కూడా పెట్టాను. పన్నెండంగుళాలది. ఒకవైపు పళ్ళు అరిగాయి గానీ, రెండోవైపు ఇనుమును వెన్నలా గీకేస్తుంది. త్వరగా తిప్పి పంపండి. అది లేకపోతే చెయ్యి విరిగినట్టుంది.

నొచ్చుకున్న మేస్త్రి

తా.క. పిడి వదులు. కాలిమీద పడేసుకునేరు.

మేస్త్రిగారికి,

మేమడిగిన ఫైలు కంప్యూటరులో మీరు గీసి దాచుకున్న బొమ్మ. ఆకురాయి కాదు! పార్సిలు గలగలమనేసరికి బాంబనుకుని వాచ్‌మన్ ఆఫీసు మొత్తాన్ని వీధిలోకి తరిమాడు. మూత ముచ్చటగా ఉంది, ఒప్పుకుంటాను. కానీ పరీక్షకి వస్తువు చెయ్యక్కర్లేదు, గీస్తే చాలు, బరువు కంప్యూటరే చెబుతుంది.

గుమాస్తా

తా.క. పదేళ్ళుగా తెరుచుకోని మా ఆఫీసరుగారి సొరుగు మీ ఆకురాయి పుణ్యమా అని ఇవాళ తెరుచుకుంది. వారం ఆగి పంపవచ్చా? ఇంకా నాలుగు సొరుగులున్నాయి.

గుమాస్తాగారికి,

చెయ్యడానికి పనికిరాని బొమ్మ గీసి ఏం లాభమండీ? ప్రశ్నలోని బొమ్మ ప్రకారం మూతలో చిల్లు సగం లోతే. జవాబు రాసిన పెద్దమనిషి అటునుంచి ఇటు పొడిచేశాడు. ఆ ఇరవయ్యారు గ్రాములూ అక్కడే పోయాయి. వేలు పెట్టి చూడమనండి. అసలు ఫైలుని కోడలు కంప్యూటరులోంచి పంపించింది.

పరీక్షకి బయల్దేరుతున్న మేస్త్రి

తా.క. "మామయ్యా, అక్కడ మౌసు మొరాయిస్తే సుత్తి అడక్కండి" అంది కోడలు.

మేస్త్రిగారికి,

మీరు పాసయ్యారు! నూటికి తొంభై ఒకటి. నిపుణులు ముగ్గురూ వరసగా వేలు పెట్టారు, వేలు సగంలో ఆగింది, జవాబు దిద్దారు.

ఇంకో మాట. సెలవు పెట్టి నేనూ ఈ పరీక్ష రాశాను. ఇదివరకు మూడుసార్లు తప్పాను. బొమ్మ చూసి లోపలి ఆకారం ఊహించడం నా బుర్రకెక్కేది కాదు. మీ మూతని చేతిలో పట్టుకుని తిప్పితిప్పి చూశాక తెర తొలగినట్టయింది. ఈసారి పాసయ్యాను. వెంటనే మీ చిరునామా చూసి మీ యజమానికే దరఖాస్తు పెట్టాను. ఒకటో తారీకు నుంచి మీ పక్క కంప్యూటరు నాది.

మాజీ గుమాస్తా

తా.క. ఇంటర్వ్యూలో మీ యజమాని ఒకే ప్రశ్న వేశారు: "మా మేస్త్రితో వేగగలవామ్మా?"
"రెండు నెలలుగా వేగుతూనే ఉన్నానండీ" అన్నాను.