ఓటీపీ కోసం ఫోను వదిలి వెళ్తున్నాను

సత్యవేణీ,

నువ్వు గుడి నుంచి వచ్చేదాకా ఆగలేను, కాలవ నీళ్ళకి ఇవాళ మన వంతు. నా ఫోను ఫ్రిజ్ మీద పెట్టాను, కోచింగ్ సెంటరుకి తీసుకెళ్ళు. నీ టీచరు పోస్టు అప్లికేషనుకి ఈ రోజే ఆఖరు, ఓటీపీ నా నంబరుకే వస్తుంది. నీ నంబరు అక్కడ అప్లికేషన్లు నింపిపెట్టే ఆ ఉదయభాస్కర్ మాస్టారికి తెలియడం ఇష్టంలేకే నాది వేయించాను. ఫోను ఆయన చేతికివ్వకు. అంకెలు నువ్వే చదివి చెప్పు.

ఫొటోకి గంధం రంగు చీర కట్టుకో. "నీలం కట్టుకోండి మేడం, ఫొటోలో బాగా పడతారు" అన్నాడుగా, అందుకే నీలం వద్దు. నీకేది బాగుంటుందో ఆయనకేం తెలుసు?

నేను ఏడో తరగతిలో మానేశాను, ఆ కంప్యూటర్లో గళ్ళు నింపడం నాకు రాదు. వచ్చుంటే నీ పక్క కుర్చీలో నేనే కూర్చునేవాణ్ణి. సాయంత్రం ఆయన బండెక్కి రాకు, బస్సుకి రా.

మర్చిపోయాను. ఉద్యోగం వస్తే ఆయనే ముందు నిన్ను టీచరుగారూ అని పిలుస్తాడు. ఆయనకంటే ముందు నేనే పిలిచేస్తున్నాను. టీచరుగారూ, గేదెకి కుడితి పెట్టి వెళ్ళండి.