ప్రార్థన అయ్యాక సంతకం

ప్రియమైన అక్కకి,

ఫోన్ చేయకుండా ఉత్తరం రాసిందేమిటా అని కవరు చింపకముందే బావని కేకేసి ఉంటావు. కంగారు పడకు, ఒంట్లో బాగానే ఉంది. నీ ఫోను నీ ఒక్కదానిదీ కాదు కదా, అందుకని రాస్తున్నాను. పాస్టరుగారి భార్య ఫోను మీద సంఘం మొత్తానికీ హక్కు ఉన్నట్టుంది. పోయినసారి నేను చేస్తే కాయిరులో పాడే ఆవిడ ఎత్తి, నీకంటే ముందు నా జలుబు సంగతి కనుక్కుంది.

అసలు విషయానికి వస్తాను. ఇక్కడ కొత్తగా కట్టిన కంటి ఆసుపత్రిలో మా కంపెనీ లిఫ్టు పెట్టింది. దాన్ని పరీక్షించి, బాగుందని సంతకం పెట్టాల్సింది నేను. మోయాల్సిన దానికంటే కాస్త ఎక్కువ బరువు ఎక్కించి, కిందికి దించుతూ మధ్యలో కరెంటు తీసేస్తాం. బ్రేకు పట్టుకుని లిఫ్టు ఎక్కడిదక్కడ ఆగాలి. ఇది ఆగలేదు. గజానికి పైగా జారి అప్పుడు నిలబడింది. మళ్లీ చేశాం, ఇంకాస్త జారింది. బ్రేకు మార్చాల్సిందే. కొత్తది రావడానికి వారాలు పడుతుంది, ఆసుపత్రి ప్రారంభం చూస్తే నెలాఖరుకే.

మా మేనేజరు నీకు తెలుసు కదా, ఇక్కడి మా సంఘంలో పెద్ద. నాకు ఈ ఉద్యోగం ఇప్పించింది ఆయనే, ఊరు కొత్తైన రోజుల్లో గది వెతికిపెట్టింది ఆయన భార్య. నా రిపోర్టు చూసి తలుపు వేసి, "సిస్టర్, మన కంపెనీ ఓనరు నా పీక మీద కూర్చున్నాడు. మనం విశ్వాసులం. లిఫ్టు దగ్గర నిలబడి ప్రార్థన చేద్దాం, తర్వాత నువ్వు సంతకం పెట్టెయ్. బ్రేకు వచ్చినప్పుడు మార్చుకుందాం," అన్నాడు.

"ప్రార్థన ఇప్పుడే చేద్దాం బ్రదర్. సంతకం మాత్రం బ్రేకు మార్చాకే," అన్నాను.

"అంటే దేవుడి మీద నీకు నమ్మకం లేదా?" అన్నాడు.

ఆ మాట గుచ్చుకుంది అక్కా. బయటివాళ్లెవరైనా అని ఉంటే నవ్వి ఊరుకునేదాన్ని. ఈయన మాత్రం ప్రతి ఆదివారం నా ముందు వరసలో మోకాళ్ల మీద ఉండే మనిషి. ఆ రాత్రి నాకే అనుమానం వచ్చింది, నిజంగానే నాకు విశ్వాసం తక్కువా అని. తర్వాత, కళ్లకు కట్టుతో ఆ లిఫ్టు ఎక్కేవాళ్లు గుర్తొచ్చారు. వాళ్లు బ్రేకుని చూడలేరు, నా సంతకాన్ని నమ్ముకుని ఎక్కుతారు. నేను పెట్టను. ఉద్యోగం పోయినా సరే.

నా కోసం నువ్వొక్కదానివే ప్రార్థన చెయ్యి. ఇంకెవరి చెవినా వెయ్యకు.

నీ గుండుసూది

*

నా గుండుసూదికి,

పెట్టకు. చచ్చినా పెట్టకు. చిన్నప్పుడు నా లెక్కల్లో తప్పులు పట్టుకుని నాన్నకి చూపించి, నాకు తిట్లు తినిపించి గుండుసూది అని పేరు తెచ్చుకున్న దానివి. సొంత అక్కనే వదలనిదానివి, మేనేజరుకి లొంగుతావా? నీ ఉత్తరం చదివి నాకు భయం వేసింది, దాని వెనకే గర్వం కూడా వచ్చింది. బావ అయితే, "విశ్వాసం ఉన్నవాడు బ్రేకు ఎందుకు మార్చకూడదట?" అని రెండు రోజులుగా అదే గొణుగుతున్నారు. వచ్చేవారం ప్రసంగంలోకి వచ్చేస్తుందేమోనని ఆపి ఉంచాను.

ఇక్కడ మందిరంలో కొత్త మైకు పెట్టారు. బావ గొంతు పెంచినప్పుడల్లా అది కూడా పోటీగా అరుస్తోంది. ఆ దెబ్బకి ప్రసంగాలు పొట్టివయ్యాయి, ఎవరూ బాగు చేయించమని అడగడం లేదు.

నా ఒక్కదాని ప్రార్థన నీకేం సరిపోతుంది చెప్పు. మా స్త్రీల ప్రార్థన గ్రూపులో పెట్టాను. భయపడకు, నీ పేరు ఎక్కడా రానివ్వలేదు. "వేరే ఊళ్లో లిఫ్టులు పరీక్షించే ఒక సహోదరి. ఆమె పై అధికారి, అదే సంఘంలో పెద్ద అయ్యుండి, తప్పుడు సంతకం పెట్టమని ఒత్తిడి చేస్తున్నాడు. ఆమె బలం కోసం ప్రార్థించండి" అని, అంతే. ఎంత జాగ్రత్తగా రాశానో చూశావా? లిఫ్టులు పరీక్షించే సహోదరీలు లోకంలో బోలెడుమంది ఉంటారు. గ్రూపంతా క్షణాల్లో చేతులు జోడించిన బొమ్మలతో నిండిపోయింది. ధైర్యంగా ఉండు, నీ వెనక ఇంతమంది ఉన్నారు.

వేళకి తిను.

నీ అక్క

*

అక్కకి,

ప్రియమైన అని రాయబుద్ధి కాలేదు, వదిలేశాను.

నీ మెసేజి నీ ఉత్తరం కంటే ముందే ఇక్కడికి చేరింది. మీ గ్రూపులో ఎవరో ఇంకో గ్రూపుకి పంపారు, అక్కడి నుంచి మరో గ్రూపుకి వెళ్లింది. ప్రతివాళ్లూ కింద "తప్పక ప్రార్థించండి" అని రాసి మరీ పంపారు. చివరికి మేనేజరు భార్య ఫోనులో పడింది. లిఫ్టులు పరీక్షించే సహోదరి ఈ ఊళ్లో నేనొక్కదాన్నే అక్కా.

ఆదివారం ఆరాధన అయ్యాక నన్ను ఆపారు. ఇక్కడి పాస్టరుగారు, సంఘపెద్దలు, మేనేజరు, ఆయన భార్య ఉన్నారు. ఆమె ఏడుస్తూ, "నీకు గది చూసిపెట్టింది దీనికేనా?" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. మేనేజరు గొంతు కూడా పెంచలేదు. "బైబిలు ప్రకారం, నా వల్ల తప్పు జరిగితే నా దగ్గరికి మళ్లీ రావాలి. వినకపోతే ఇద్దర్ని తీసుకుని రావాలి. ఊరూరా సంఘాలన్నిటికీ నన్ను తిప్పుతావా?" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. అదే నన్ను ఎక్కువ మండిస్తోంది. లిఫ్టు విషయంలో న్యాయం నా వైపు ఉంది, ఈ విషయంలో ఆయన వైపు ఉంది.

పెద్దల తీర్పు ఏమిటంటే, వచ్చే ఆదివారం సంఘం ముందు నేను క్షమాపణ చెప్పాలి. సమాధానపడ్డామనడానికి గుర్తుగా లిఫ్టు బాగుందనే ఆ కాగితం మీద సంతకమూ పెట్టాలి. అంతవరకు నేను చెప్పే సండేస్కూలు క్లాసు ఇంకొకరు చూస్తారు. పిల్లలు నన్ను కిటికీలోంచి చూసి చేతులు ఊపారు. లోపలికి ఎందుకు రావడం లేదో వాళ్లకేం చెప్పను?

ఇదంతా నేను నీకు ఒక మాట చెప్పుకున్నందుకు. ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. పాస్టరుగారి భార్యవని రోజూ ఎంతోమంది నీ దగ్గర కూర్చుని ఏడుస్తారు. వాళ్ల మాటలు కూడా ఇలాగే ప్రార్థన అంశాలు అయిపోతున్నాయా?

చెల్లి

*

చెల్లీ,

నువ్వు అడిగినదానికి జవాబు, అవును.

ఇంతకంటే పొడుగ్గా రాయబోయాను, రాసిందంతా సాకుల్లా కనిపించి చింపేశాను. పేరు తీసేస్తే చాలు, ఇక అది చాడీ కాదు, ప్రార్థనే అనుకున్నాను. ఇన్నాళ్లూ మేమంతా అలాగే అనుకున్నాం. ఫలానావాళ్ల కోడలి సంగతి, ఫలానావాళ్ల అబ్బాయి తాగుడు, అన్నీ కళ్లు మూసుకునే మాట్లాడుకున్నాం. నిన్ను క్షమాపణ అడగడానికి నాకు మొహం చెల్లడం లేదు. అయినా అడుగుతున్నాను.

నిన్న స్త్రీల కూడికలో లేచి నిలబడి జరిగింది చెప్పాను. ఇకనుంచి గ్రూపులో ఎవరి అవసరం వాళ్లే రాయాలి, ఇంకొకరి సంగతి వాళ్లు అడగనిదే తేకూడదు అన్నాను. కొందరు మూతి ముడిచారు. కాయిరు ఆవిడ, "అయితే ఇక గ్రూపులో రాయడానికేం ఉంటుందమ్మా?" అంది. నిజంగానే అడిగింది పాపం. ఆ తర్వాత గ్రూపు సద్దుమణిగింది. ఉండనీ.

మీ మేనేజరుకీ ఆయన భార్యకీ ఉత్తరం రాశాను. మెసేజి పెట్టింది నేను, ఎవరికీ చెప్పొద్దని నా చెల్లి ముందే చెప్పింది, తప్పు పూర్తిగా నాది అని. లిఫ్టు గురించి ఒక్క అక్షరం రాయలేదు. అది మీరిద్దరూ తేల్చుకోవాల్సింది.

ఒకటి మాత్రం చెబుతాను. మీ పెద్దలు రెండు విషయాలకి ముడి వేశారు. నువ్వు విప్పెయ్. మాట బయటికి పోయినందుకు తల వంచు, ఒక్క సాకు కూడా చెప్పకు. సంతకం దగ్గర మాత్రం తల ఎత్తే ఉంచు. బావని రమ్మంటే రేపే బయల్దేరతారు. ఉద్యోగం పోతే ఇక్కడ నీకు మంచం ఉంది, చాకిరీ బోలెడు ఉంది.

నీ అక్క

*

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం శనివారం అందింది. చదివి చాలాసేపు ఏడ్చాను. కోపం అప్పుడే పోయింది, కొంచెం మిగిలి ఉంటే వచ్చినప్పుడు చూపిస్తాను.

ఆదివారం సంఘం ముందు నిలబడ్డాను. "ఈ సహోదరుడి గురించి నేను చెప్పిన మాట నలుగురి నోళ్లలో పడి ఆయనకీ ఆయన ఇంటివాళ్లకీ అవమానం జరిగింది. నన్ను క్షమించండి," అని ఆయన వైపు తిరిగి చెప్పాను. ఆయన తల ఊపాడు. పాస్టరుగారు ఊపిరి పీల్చుకునేలోగా, "లిఫ్టు దగ్గర ప్రార్థనకి ఎప్పుడైనా వస్తాను, సంతకం మాత్రం పెట్టను. బ్రేకు ఇంకా జారుతోంది," అన్నాను. మందిరంలో గుసగుసలు మొదలయ్యాయి.

మా సంఘపెద్దల్లో రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ ఒకావిడ ఉంది, అందరూ టీచరమ్మ అంటారు. ఆవిడ లేచి, "లిఫ్టు దగ్గర ప్రార్థన చేయడానికి ఈ అమ్మాయి తనకి అభ్యంతరం లేదంటోందిగా. అదైనా చేద్దాం. అక్కడే మాట్లాడుకోవచ్చు," అంది. మర్నాడు అందరం ఆసుపత్రికి వెళ్లాం. ఇంకా రంగు వాసన పోలేదు. మెకానిక్ లిఫ్టు చూపించడానికి కరెంటు ఇచ్చాడు. నేను తగిలించిన "ఎక్కరాదు" బోర్డు ప్రార్థన కోసం తీసి గోడకి ఆనించారు.

మేనేజరే ప్రార్థన చేశాడు. బాగా చేశాడక్కా, వెక్కిరించడం లేదు. అక్కడికి రాబోయే రోగుల కోసం అడుగుతుంటే నా కళ్లు తడిశాయి. ఆమేన్ అన్నాక ఫైలు తెరిచి నా ముందు పెట్టాడు, పెన్ను అందించాడు. పాస్టరుగారు నా మొహంలోకి చూస్తున్నారు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను.

ఇంతలో టీచరమ్మ, "వచ్చే నెల నా కన్ను ఆపరేషను పై అంతస్తులోనేనట. గది ఎలా ఉందో చూసొస్తాను. మెట్లు నా మోకాళ్ల వల్ల కాదు," అంటూ మీట నొక్కింది. తలుపులు తెరుచుకున్నాయి. ఆవిడ అడుగు ఎత్తింది. నేను నోరు తెరిచి ముందుకు కదిలేలోగా మేనేజరు చెయ్యి ఆవిడ ముందు అడ్డంగా వచ్చింది. ఫైలు కింద పడింది.

"వద్దమ్మా," అన్నాడు.

"ఎందుకు నాయనా? ప్రార్థన అయిందిగా," అంది ఆవిడ.

ఆయన చెయ్యి తీయలేదు. తలుపులు మూసుకోబోయి ఆ చేతికి తగిలి మళ్లీ తెరుచుకున్నాయి. అప్పుడు మెకానిక్‌ని కరెంటు తీసెయ్యమన్నాడు. బోర్డు తనే తెచ్చి తగిలించాడు. మా అందరి ముందే ఓనరుకి ఫోన్ చేసి, బ్రేకు మార్చేదాకా ఈ లిఫ్టు నడవదు, ఆసుపత్రివాళ్లని ప్రారంభం చేసుకుంటే కింది అంతస్తులోనే చేసుకోమనండి అన్నాడు. అవతలి అరుపులు మా దాకా వినిపించాయి. ఆయన "అలాగే సార్, అలాగే సార్" అంటూనే మాట మాత్రం మార్చలేదు.

నా క్లాసు నాకు తిరిగి ఇస్తారో లేదో ఇంకా తెలియదు. ఆయన భార్య ఇంకా నాతో మాట్లాడటం లేదు, ఆమె టైము ఆమెకి ఇద్దాం. రేపు పొద్దున ఓనరు మా ఇద్దర్నీ రమ్మన్నాడు. ఇద్దరి ఉద్యోగాలూ పోవచ్చు. అయినా కలిసే వెళ్తున్నాం, ఒకే మాట చెప్తాం.

బయటికి వస్తుంటే మేనేజరు నా పక్కన ఆగాడు. నా మొహం వైపు చూడకుండా, "నీ రిపోర్టు చదివిన రోజు నుంచీ నేను ఈ బిల్డింగులో మెట్లే ఎక్కుతున్నాను సిస్టర్," అన్నాడు.

నీ చెల్లి