అక్క బదులు మనిషి

నాన్నా,

ఫోన్ చేస్తే "సరే తల్లీ, సర్దుకుపో" అని పెట్టేస్తావు. ఉత్తరమైతే చివరిదాకా చదవక తప్పదు, అందుకే ఇది. అమ్మ నీకేం చెప్పి ఉంటుందో నాకు తెలుసు. "చిన్నదానికి అక్కంటే కుళ్ళు. అది బాగుపడుతుంటే దీనికి అన్నం సయించడం లేదు." పక్క గదిలో నేను బట్టలు మడతపెడుతుండగానే పిన్నికీ ఫోన్లో ఇదే చెప్పింది. అన్నం శుభ్రంగానే సయిస్తోంది నాన్నా. సయించనిది వేరే ఉంది.

నేనూ అక్కా ఒకే కంపెనీకి కాంట్రాక్టు మీద ఒకే పని చేస్తున్నాం కదా. కట్టబోయే ఆస్పత్రుల్లో నీళ్ళ పైపులు ఏ గోడలోంచి ఎటు పోవాలో గీస్తాం. మేం సొంతంగా పని చేసుకునేవాళ్ళమా, లేక పేరుకే కాంట్రాక్టయిన ఉద్యోగులమా అన్నది పన్ను కోసం ఇన్నాళ్ళూ మేమే తేల్చుకునేవాళ్ళం. ఈ ఏడు రూలు మారింది. ఇక నుంచి తేల్చేది పని ఇచ్చేవాళ్ళు. వచ్చే ఏడు మళ్ళీ మా చేతికే వస్తుందని కొందరంటారు, రాదని కొందరంటారు. ఈలోగా ఆఫీసులో లెక్కల సారు మమ్మల్ని పిలిచి తేల్చేశారు. అక్క సొంతంగా వ్యాపారం చేసుకునే మనిషి. నేను ఉద్యోగిని.

అంటే నాకు రావలసిన దాంట్లో పన్ను ముందే కోసుకుని మిగిలింది చేతిలో పెడతారు. పని కోసం నేను పెట్టుకున్న ఖర్చులేవీ లెక్కలోకి రావు. పోనీ, ఉద్యోగినే కదా, జ్వరమొస్తే సెలవిస్తారా? ఇవ్వరు. పన్నుకి ఇంటిమనిషిని, సెలవుకి పరాయిదాన్ని.

ఏ లెక్కన తేల్చారని అడిగాను. సారు కళ్ళజోడు సర్దుకుని చదివారు. నేను టైముకి వస్తానట. చెప్పిన బల్ల దగ్గరే కూర్చుంటానట. వాళ్ళ కంప్యూటరే వాడతానట. ఒక పూట రాలేకపోతే ముందు అడుగుతానట. కాబట్టి వాళ్ళ అదుపులో ఉన్నదాన్ని. మరి అక్క? ఇష్టమైనప్పుడు వస్తుంది. గీసింది మార్చమంటే "మార్చను, అర్థం కానిది మీ ఇంజనీరుకే" అంటుంది. ఆఫీసు కంప్యూటరు నత్తలా నడుస్తుందని సొంతది మోసుకొస్తుంది. కాబట్టి స్వతంత్రురాలు. చిన్నప్పటినుంచీ నువ్వు తనని ఏయే గుణాలకి తిట్టావో వాటన్నిటికీ బహుమతి వచ్చింది నాన్నా. నన్ను దేనికి మెచ్చుకున్నావో దానికి వాత పెట్టారు.

అన్నిటికంటే పెద్ద కారణం చివర్న చదివారు. సొంతంగా చేసుకునేవాళ్ళు తమ బదులు ఇంకొకరిని పంపగలరట, ఉద్యోగి పంపలేడట. "మీ అక్కగారు అప్పట్లో రాలేకపోతే బదులు మనిషిని పంపారమ్మా. పని ఒక్క పూట కూడా ఆగలేదు. మీరెప్పుడైనా పంపారా?" అన్నారు.

ఆ బదులు మనిషిని నేనే.

అక్క స్నేహితురాళ్ళతో సముద్రం చూడ్డానికి పోతూ "ఒసేయ్ పిట్టా, నా బల్ల కాస్త చూసుకోవే" అంది. కాలేజీ అయిపోయి ఖాళీగా ఉన్నాను, వెళ్ళి కూర్చున్నాను. నా పని చూశాకే నాకూ అక్కడ కాంట్రాక్టు ఇచ్చారు. ఈ సారు అప్పటికింకా ఆ ఆఫీసుకి రాలేదు, ఆయనకి తెలీదు. బదులు మనిషికి పంపినవాళ్ళే జీతమిస్తేనే ఆ కారణం చెల్లుతుందని కూడా ఆయనే చెప్పారు. అక్క నాకేమిచ్చింది? ఒక గవ్వల దండ.

నేను నోరు విప్పలేదు. అభ్యంతరం చెప్పుకోవడానికి నెలాఖరు దాకా గడువుంది. ఈ ముక్క రాసిస్తే అక్క స్వతంత్రం ఊడుతుంది. ఆ ధైర్యంతోనే తను సొంత ఆఫీసుకని ఒక గది అద్దెకు తీసుకుంది. నన్ను తీసుకెళ్ళి చూపించింది కూడా. కిటికీలోంచి రైలు పట్టాలు కనిపిస్తాయి. అమ్మ దానికి కర్టెన్లు కుడుతోంది. నాకు ఆ కిటికీ మీద కుళ్ళు, ఆ కర్టెన్ల మీద కుళ్ళు. అమ్మ అన్నమాట అబద్ధం కాదు, కాకపోతే సగమే. మిగతా సగం నీకొక్కడికే చెబుతున్నాను. ఏం చెయ్యమంటావు?

నీ చిన్నది


నాన్నా,

నీ జవాబు చదివాను. "అక్క నోటి దగ్గర కూడు తియ్యకమ్మా" అని రాశావు. నా నోటి సంగతి ఒక్క ముక్క లేదు. సరే, మాటిస్తున్నాను. అక్క ఊసెత్తను. నా గోడు మాత్రమే నేను చెప్పుకుంటాను.

చెప్పుకున్నాను కూడా. నాకూ వేరేచోట్ల పని తీసుకోవాలనుంది, ఒక ఆర్కిటెక్టు అడుగుతున్నాడు, నన్ను కూడా సొంతంగా పని చేసుకునే మనిషిగా రాయండి అన్నాను.

"మీరు లేకపోతే ఆస్పత్రి పని ఆగిపోతుందమ్మా. అలాంటప్పుడు సొంతంగా చేసుకునే మనిషని ఎలా రాయను?" అన్నారు సారు.

"ఆగిపోయేంత అవసరముంటే ఉద్యోగమే ఇవ్వండి సార్. సెలవులతో సహా."

"అది నా చేతిలో లేదు."

"పన్ను కొయ్యడం మీ చేతిలో ఉంది, సెలవివ్వడం లేదా?"

ఆయన నవ్వేశారు. "అచ్చం మీ అక్కగారిలా మాట్లాడుతున్నారే!" అన్నారు. ఆ ఆఫీసులో నాకు దక్కిన మొదటి మెప్పు అది నాన్నా. అందులోనూ అక్కే ఉంది.

కొత్త సంగతేదైనా ఉంటే రాసివ్వమన్నారు. లేదన్నాను. నీకిచ్చిన మాట ప్రకారం లేదనే అన్నాను. బయటికొచ్చేసరికి అక్క అప్పుడే లోపలికొస్తోంది, ఎండ నెత్తికెక్కాక. వాచ్‌మన్ తనకోసం లిఫ్టు పట్టుకుని నిలబడ్డాడు. రోజూ పొద్దున్నే వచ్చే నాకోసం ఏనాడూ పట్టుకోలేదు. ఇలాంటివి లెక్కపెట్టుకోకూడదని నాకూ తెలుసు. లెక్కపెడుతున్నాను.

మాట మీద నిలబడ్డ
నీ చిన్నది


అక్కా,

ఒకే ఇంట్లో ఉంటూ ఉత్తరమేమిటే అని నవ్వుతావు. ఎదురుగా చెప్పబోతే నువ్వు నన్ను నవ్వించి మాట మార్చేస్తావు, నేను మారిపోతాను. చిన్నప్పటినుంచీ జరుగుతున్నది అదే.

నిన్న భోజనాల దగ్గర నువ్వన్న మాటలు నువ్వు మర్చిపోయి ఉంటావు. "ఒసేయ్ పిట్టా, వచ్చే నెలంతా నాకు కొత్త గది పనులు. ఆఫీసులో నా బల్ల కూడా నువ్వే చూసుకోవే. పొద్దస్తమానం అక్కడ కూర్చోవడం నీకు అలవాటేగా." అమ్మ "దానికేం, ఉద్యోగి కదా" అంది. ఇద్దరూ నవ్వారు. మరి నాకేమిస్తావు అన్నాను. "అక్కచెల్లెళ్ళ మధ్య జీతాలేమిటే, సిగ్గులేదూ?" అన్నావు. అక్కడితో ఆగి ఉంటే నేనూ ఊరుకునేదాన్ని. ఆగలేదు. "అప్పుడప్పుడూ బదులు మనిషిని పంపుతుంటేనే మనం సొంతంగా చేసుకుంటున్నట్టు లెక్కట. పోయినసారి నువ్వు కూర్చున్నందుకే కదే నాకు కలిసొచ్చింది" అని కన్ను కొట్టావు.

నీకు తెలుసన్నమాట. నా వీపు మీద నిలబడ్డావని నీకు మొదటినుంచీ తెలుసు. నీకు తెలీదనుకుని ఇన్నాళ్ళూ నీకోసం నోరు కట్టుకున్నది నేను. మళ్ళీ వంగమని అడిగావు, అదీ ముద్ద నోట్లో పెట్టుకుంటూ.

నిన్ను చూస్తే నాకు కుళ్ళు. నువ్వు ఆలస్యంగా వచ్చినప్పుడు ఎవరూ గడియారం చూడకపోవడం మీద కుళ్ళు. నువ్వు "మార్చను" అంటే అది తెలివి, నేనంటే పొగరు కావడం మీద కుళ్ళు. నాన్న నిన్ను తిడుతూ కూడా నీ గురించే మాట్లాడటం మీద కుళ్ళు. నువ్వు మంచిదానివి కాదని నేననడం లేదు. మంచిదానివి కాబట్టే ఇంకా ఎక్కువ మండుతుంది. కుళ్ళుతో రాసినంత మాత్రాన నిజం అబద్ధమైపోదు.

ఇవాళ మధ్యాహ్నం సారుకి అభ్యంతరం రాసిచ్చాను. నీ బదులు కూర్చున్నది నేనేనని, నువ్వు నాకు జీతమివ్వలేదని రాసి సంతకం పెట్టాను. ఆయన రెండుసార్లు చదివి, "దీనివల్ల మీ సంగతేం మారదమ్మా, మీ అక్కగారిదే మారవచ్చు. తీసుకోమంటారా?" అన్నారు. తీసుకోమన్నాను. నాన్నకిచ్చిన మాట తప్పాను, ఆ సంగతి నాన్నకి నేనే చెబుతాను.

నిన్ను సారు రేపు పిలుస్తారు. నన్ను అడిగితే రాసిందే చెబుతాను. వచ్చే నెల నీ బల్ల దగ్గర నేను కూర్చోను.

నీ చెల్లెలు