నీ నీలం చేప

నువ్వు బతికుండగా ‘మీరు’ అని తప్ప పిలవలేదు. పోయి ఏడాదైంది, ఇక ‘నువ్వు’ అంటాను.

నీ సిక్లిడ్ చేపలకు పెద్ద తొట్టి కొన్నాను. అవేం పాపం చేశాయి? పుంగనూరు నుంచి ఆటోలో తెప్పించి, ఇసుక పరిచి, దాక్కోవడానికి రాళ్ళు పేర్చి, బోరునీళ్ళు నింపాను. మన మదనపల్లె సున్నం ఎక్కువున్న నీళ్ళు వీటికి బాగా పడతాయని నువ్వే చెప్పేవాడివి. నీళ్ళు మార్చేటప్పుడు నీ చేతులు ఎంత మెత్తగా కదిలేవో! నా మీదికి లేచినవీ ఆ చేతులే.

నీ తద్దినానికి కుప్పం నుంచి మీ అమ్మ వచ్చి తొట్టి ముందు కూర్చుంది. నీకు ప్రాణమైన నీలం చేప ఒక చిన్న ఆడచేపను మూలకు తరిమి, రెక్కలు చీలేలా కొరుకుతోంది.

“అయ్యో, సంపేస్తాండాదే! దాన్ని తీసెయ్యమ్మా,” అనింది.

“మొగది గదత్తా. సర్దుకోమని నాకు సెప్పినట్టే ఆ ఆడదానికీ సెప్పు,” అన్నాను.

కాసేపటికి చిన్నది వెల్లకిలా తేలింది.

“అచ్చం నా కొడుకే,” అంటూ ఆమె లేచింది. వలతో నీలం చేపను పట్టి, పెరట్లో బండమీద వేసింది. అది ఎగిరెగిరి పడి ఆగేదాకా ఇద్దరం నిలబడి చూశాం.

ఆమె చేతులు కడుక్కుని వచ్చి, “ఆకలైతాండాది, పెట్టమ్మా,” అనింది. నీ పేరు చెప్పి వండిన వడలు, పాయసం ఇద్దరం కడుపునిండా తిన్నాం.