కూర్చున్నా గుచ్చుకోని ఒర

నవంబరు 3, సోమవారం

మధ్యాహ్నం. బురైదా బజారు ఖాళీ. మా తోలు దుకాణానికి తెలుగువాడే అయిన భాషా వచ్చాడు, వెంట ఫహద్ అనే సౌదీ మనిషి. ఇద్దరూ ఒకే నగల వ్యాపారి దగ్గర పని. భాషా కారు నడుపుతాడు, ఫహద్ కాపలాగా పిస్తోలుతో పక్కన కూర్చుంటాడు.

"అన్నా, ఈయప్పకు నడుము పట్టుకుపోతాండాది. తుపాకీ సూస్తే ఇంత పెద్దది, పొద్దస్తమానం కార్లోనే కూసోవల్ల. నిన్న దాన్ని తీసి సీటు మీద పెట్టినాడు. బ్రేకేస్తే నా కాళ్ల కాడికొచ్చి పడె. నా పానం పోయినంత పనయ్యె..."

యజమాని కంట పడిందట. ఇంకోసారి నడుముకు లేకుండా కనిపిస్తే పనిలోంచి తీసేస్తాడట.

ఫహద్ పిస్తోలు పెట్టుకునే ఒరలు నాలుగు బల్ల మీద పరిచాడు. ప్లాస్టిక్‌ది, బట్టది, ప్యాంటు లోపలికి దోపుకునేది, భుజానికి తగిలించుకునేది. ఏదీ వారం దాటలేదట.

కొత్తది కుట్టడానికి తోలు కోయబోయాను. ఉస్తాద్ చేయి పట్టుకున్నాడు. ముల్తాన్ మనిషి, ముప్పై ఏళ్లుగా ఇక్కడే తోలుపని, నాకు పని నేర్పుతున్నవాడు. "ఠహర్ జా బేటా," ఆగమన్నాడు. నొప్పి ఎక్కడో తెలియకుండా కత్తి పట్టకూడదట.

నవంబరు 4

ఫహద్ తన పిస్తోలును మా దగ్గర వదలడు, వదలకూడదు కూడా. తనే తూటాలు తీసేసి, కాగితం మీద పెట్టి చుట్టూ గీత గీసి, మందం కొలిచి ఇచ్చాడు. ఉస్తాద్ సాయంత్రానికి కర్రతో అలాంటిదే చెక్కాడు. బరువుకు లోపల సీసం ముక్కలు.

నవంబరు 6

నవ్వొచ్చింది ముందు. అరవై దాటిన ఉస్తాద్, కర్ర పిస్తోలు నడుముకు కట్టుకుని, దుకాణం వెనక ఆపిన భాషా కారులో రెండు గంటలుగా కూర్చుని ఉన్నాడు! లేస్తాడు, కూర్చుంటాడు, సీటు బెల్టు పెట్టుకుంటాడు, వంగుతాడు.

దిగేసరికి చెమటతో తడిసిపోయాడు. చూపించాడు... పిడి పక్కటెముక కింద పొడుస్తోంది. గొట్టం కొస సీటుకు తగిలి అంతటినీ పైకి నెడుతోంది. సన్నటి బెల్టు వల్ల బరువంతా ఒకే చోట.

ఇక నవ్వు రాలేదు.

నవంబరు 10

ఒరను రెండు వేళ్లు కిందికి దించి, గొట్టం కొస సీటుకు తగలకుండా వెనక్కి వాల్చాం. తుంటి వంపుకు తగ్గట్టు వెనక అరచేయంత వెడల్పు తోలు. బెల్టు రెండు పొరలు. కుట్టింది నేనే. బాగుందనే అనుకున్నాను.

ఉస్తాద్ చిటికెన వేలు దూర్చి చూశాడు. ట్రిగ్గర్ దగ్గర చిన్న సందు, ఏదైనా దూరి నొక్కితే పేలిపోతుంది. మాట్లాడకుండా కుట్లన్నీ విప్పేశాడు. రెండు రోజుల పని!

"సుఖంగా ఉంది కదా ఉస్తాద్?"

"సుఖం సరే. ప్రాణం సంగతి?"

కోపం వచ్చింది. మళ్లీ కుట్టేటప్పుడు పోయింది. ఇలాంటి మనిషి దగ్గర తిట్లు తిన్నా నష్టం లేదు.

నవంబరు 13

ఫహద్ కొత్త ఒర పెట్టుకుని పక్క ఊరు ఉనైజా దాకా వెళ్లి వచ్చాడు. మేమిద్దరం గుమ్మంలోనే నిలబడి చూస్తున్నాం. దిగాడు. రోజూ దిగగానే నడుము మీదికి వెళ్లే చేయి ఈరోజు వెళ్లలేదు.

భాషా అరిచాడు — "దావంతా నిద్దరపోకుండా కబుర్లు సెప్పినాడన్నా! ఒక్కసారన్నా మూలగలే!"

ఫహద్ దగ్గరికి వచ్చాడు. ఉస్తాద్ తల రెండు చేతులా పట్టుకుని నుదుటిని ముద్దుపెట్టుకున్నాడు, తండ్రికి పెట్టినట్టు. ఉస్తాద్ కళ్లజోడు తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు.

నవంబరు 19

ఫహద్ మాట విని మరో కాపలాదారు వచ్చాడు. భారీ మనిషి, ఎడమచేతి వాటం. ఆదివారం కొలతలు.

నవంబరు 22, శనివారం

ఉస్తాద్‌కు రేపే కంటి ఆపరేషన్. కొన్నాళ్లుగా కుట్లు చూపుతో కాదు, వేళ్లతో వేస్తున్నాడట. నాకు ఇన్నాళ్లూ తెలియనే లేదు.

"ఈ కొత్త ఒర పని నీదే. ఒక్కడివే చెయ్యి" అన్నాడు.

నా చేతిలో ఆ సందు మిగిలిపోతే? విప్పేవాడు పక్కన ఉండడు. కొలతల టేపు తీసి బల్ల మీద పెట్టాను. ఆ ఎడమచేతి వాటం మనిషి రేపు పొద్దున్నే వస్తాడు...