వేలు చూపిన చోటు

అత్తయ్యా,

నీ కోపం చల్లారాక తీరిగ్గా రాద్దామనుకున్నాను. అది ఇప్పట్లో చల్లారేది కాదని తెలిసి ఇవాళే కూర్చున్నాను. నాన్న సంస్మరణ సభకు నేను రానన్నానని గొడుగు బాబాయ్ నీకు ఫోన్ చేసి చెప్పాడట. నిజమే, అన్నాను. నాన్న పాత ఆఫీసువాళ్ళు సభ పెడుతున్నారు. మ్యూజియంవాళ్ళు ఆయన పాత పటాలన్నీ తీసుకుని ఒక గదికి ఆయన పేరు పెడతామంటున్నారు. కూతురిగా నేను లేచి నాలుగు ముక్కలు మాట్లాడాలట. నాతో నాలుగు ముక్కలు మాట్లాడని మనిషి గురించి నేనేం మాట్లాడను?

యుద్ధం జరిగినన్నాళ్ళూ నాన్న అవతలివాళ్ళ రహస్య సందేశాలు విప్పే గదిలో పనిచేశాడని నాకెప్పుడు తెలిసిందో తెలుసా? ఆయన పోయిన మర్నాడు, పేపర్లో చూసి. అప్పటిదాకా గుమాస్తా అనే అనుకున్నాను. బడి కాగితంలో తండ్రి వృత్తి దగ్గర గుమాస్తా అని రాస్తే కిమ్మనకుండా సంతకం పెట్టాడు కూడా. అవతల ఎవడో ఆపరేటరు రోజూ సందేశాన్ని వాతావరణంతోనే మొదలుపెట్టేవాడట, ఆ బద్ధకం పట్టుకుని నాన్న మొత్తం గుట్టు లాగాడట. ఇదంతా గొడుగు బాబాయ్ చెబుతుంటే ఎవరి నాన్న కథో విన్నట్టు విన్నాను. బాబాయ్ ఆయన పక్క బల్లమీదే పనిచేశాడు. నాన్నని ఆఫీసులో అందరూ ముంగి అనేవాళ్ళట. ఇంట్లోనూ అంతే కదా. నా నోట్లో నువ్వుగింజ నానదు, ఆయన నోట్లో కొండలు నానాయి.

ఇక పటాలు. ఆదివారం వస్తే పాత పుస్తకాల వీధిలో తిరిగి, చుట్ట చుట్టిన పటం ఒకటి చంకలో పెట్టుకుని వచ్చేవాడు. తప్పులున్నవే ఏరి తెచ్చేవాడు. ఒకదాంట్లో నది కొండెక్కుతుంది, ఇంకోదాంట్లో ఊరు సముద్రంలో ఉంటుంది. “తప్పు చేసినచోటే మనిషి దొరుకుతాడు” అన్నాడొకసారి. ఆయన నాతో చెప్పిన వాటిలో పొడవాటి మాట అదే అనుకుంటాను.

పక్షవాతం వచ్చి మాట పడిపోయినప్పుడు అందరూ అయ్యో అన్నారు. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఉన్నప్పుడు మాత్రం ఏం వాడాడని. షాపులో చెప్పి, వాచీల రిపేరు పని ఇంటికే తెచ్చుకున్నాను. ఆయన పడక్కుర్చీ కిటికీకి వీపు పెట్టి ఉండేది. కిటికీ తలుపు మూస్తే ఆయనకి ఊపిరాడదు. ఎదురుగా గోడవారన నా బల్ల, స్టూలు. నా తల వెనకే గోడమీద పెద్ద సముద్రపటం, నడిసముద్రంలో ఎక్కడా లేని దీవి ఒకటి గీసి ఉంటుందే, అది.

చలికాలం మొదలైన కొత్తలో ఒకరోజు, టీ తాగే వేళప్పుడు, ఆయన గొంతులోంచి ఏదో చప్పుడొచ్చింది. కంటికి పెట్టుకున్న భూతద్దం తీసి, కళ్ళు చికిలించుకుని చూశాను. పనిచేసే చెయ్యి ఎత్తి వేలు చూపిస్తున్నాడు. వెనక్కి తిరిగి చూద్దును కదా, వేలు సరిగ్గా ఆ దీవి మీదికే. పటం దించి తీసుకెళ్ళి ఆయన ఒళ్ళో పెట్టాను. ఆయన దానివంక చూడనైనా చూడలేదు. కళ్ళు మూసుకున్నాడు, అంతే.

మర్నాడూ ఎత్తాడు. ఈసారి ఏదో రేవు మీదికి. ఆ తర్వాత రోజు ఇంకో రేవు. చలికాలమంతా ఇదే. నేను లేవడం, పటం తేవడం, ఆయన కళ్ళు మూసుకోవడం. ఆ రేవుల పేర్లన్నీ నాకు నోటికొచ్చేశాయి. మొదటి అక్షరాలు కూర్చాను, చివరివి కూర్చాను, వెనకనుంచి చదివాను, దీవినుంచి గీతలు లాగాను. వచ్చిందంతా పిచ్చిరాత.

చలి తగ్గేసరికి ఆయన చెయ్యెత్తడం మానేశాడు అత్తయ్యా. ఇది నేనింతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఊరూపేరూ తెలియనివాళ్ళ మాటలన్నీ విప్పిన మనిషికి సొంత కూతురు మొద్దని తేలిపోయింది, ఇక లాభం లేదని వదిలేశాడు. ఎండలు ముదిరాక పోయాడు. మిగతా పటాలు మ్యూజియంవాళ్ళని పట్టుకుపొమ్మను. నాన్న నాతో ఏం చెప్పాలనుకున్నాడో తెలిసేదాకా ఆ ఒక్క పటమూ గోడ దిగదు, నేనూ సభలో నిలబడను.

నీ మేనకోడలు,
మొద్దు

*

అత్తయ్యా,

నీ ఉత్తరం చదివి ఉన్న మతీ పోయింది. “మా తమ్ముడు తనకోసం ఎప్పుడూ వేలెత్తలేదే. చిన్నప్పుడు ఆకలేసినా అడిగేవాడు కాదు. పక్కవాడి కంచం ఖాళీగా ఉంటే మాత్రం అమ్మకి వేలుపెట్టి చూపించేవాడు” అని రాశావు. బాగానే ఉంది. మరి నాకు చూపించిన కంచం ఏది? సముద్రంలో ఉందా?

నిన్న పటం దించి వెనక చూశాను. చెమ్మ మచ్చ, ఒక బల్లి. చట్రం ఊడదీశాను, ఏమీ లేదు. ఆ రేవుల్లో ఏదో ఒకదాంట్లో ఆయనకి ఇంకో సంసారం ఉందేమోనని కూడా అనుకున్నాను. నవ్వకు. పక్క గదిలోకి పిలవడానికే నోరు పెగలని మనిషి ఇంకో ఊళ్ళో ఎవరిని పలకరించి ఉంటాడులే అని నేనే సర్దుకున్నాను. ఒక పూట ఆయన చెప్పాడనీ నాకు అందలేదనీ అనిపిస్తుంది. ఇంకో పూట అసలు చెప్పింది నాకు కాదు, ఆ పటానికేనని అనిపిస్తుంది. ఆ రెండోదే ఎక్కువ నొప్పిగా ఉంది. పనిమీద మనసు నిలవక నిన్న ఒకాయన వాచీకి ముల్లు తిరగేసి బిగించాను.

సభ చలికాలానికి వాయిదా వేశారట. ఈలోగా ఒకసారి వచ్చి పటం చూస్తానని గొడుగు బాబాయ్ కబురు పెట్టాడు. వస్తే రానీ. తల పండిన మనిషి, ఆయనకైనా తెగుతుందేమో చూద్దాం.

నీ మేనకోడలు

*

అత్తయ్యా,

ఈ ఉత్తరం కూర్చుని చదువుకో.

గొడుగు బాబాయ్ చలి మొదలయ్యాక, ఇన్నాళ్ళకి నిన్న మధ్యాహ్నం వచ్చాడు. ఆకాశంలో మబ్బు తునక లేకపోయినా గొడుగుతోనే వచ్చాడు. నాన్న కుర్చీలో కూర్చుని, గొడుగు మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని, రేవుల పేర్లు వరసగా చెప్పమన్నాడు. చెప్పాను. కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతూ చాలాసేపు లెక్కలు కట్టాడు. టీ చల్లారిపోయింది.

“ఊహూ. మీ నాన్న మా కుర్రాళ్ళందరికీ మొదట నేర్పింది ఒకటేనమ్మా. విప్పబోయేముందు, దానికసలు తాళం వేశారా లేదా చూడండిరా అనేవాడు. నువ్వప్పుడు ఎలా ఉండేదానివి? నిలబడా, కూర్చునా?”

“కూర్చుని. వాచీ పని చేసుకుంటూ.”

“అయితే అలాగే కూర్చో. నీ పని నువ్వు చేసుకో.”

కూర్చున్నాను. వాచీ ఒకటి విప్పి పనిలో పడ్డాను. కాసేపటికి బాబాయ్ గొంతు సవరించుకున్నాడు. తలెత్తి చూస్తే చెయ్యెత్తి వేలు చూపిస్తున్నాడు. అచ్చం నాన్నలాగే. నేను అలవాటు కొద్దీ గిరుక్కున తిరిగి పటం చూశాను. వేలు దీవి మీదికే.

“అటు కాదమ్మా, నువ్వు. కాస్త పక్కకి జరుగు. ఎండ సూటిగా నీ కళ్ళల్లో కొడుతోంది. అంత సన్నపని చేసుకుంటూ కళ్ళు పోగొట్టుకుంటావా ఏం?”

ఆ మాట అనేశాక ఆయన చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. నేను స్టూలు కొంచెం ఎడమకి జరిపి కూర్చున్నాను. ఆయన వేలు నాతోపాటే జరిగింది. లేచి చూశాను, ఒక రేవు. ఇంకాస్త జరిపాను, ఇంకో రేవు. ఏ రోజు స్టూలు ఎక్కడ వేసుకుని కూర్చుంటే ఆ రోజు ఆ రేవు. పటం నా వెనక ఉంది, అంతే.

ఆ కిటికీలోంచి గోడదాకా ఎండ చలికాలంలోనే వస్తుంది. రుతువు మారాక రాదు. ఎండ రావడం మానేసింది గనక నాన్న చెయ్యెత్తడం మానేశాడు. నామీద విసుగుపుట్టి కాదు అత్తయ్యా. నేను పటం పట్టుకుని లేచి వచ్చినప్పుడల్లా కళ్ళు మూసుకున్నది కూడా నిరాశతో కాదు. నేను ఎండలోంచి లేచాను, ఇక ఆయనకి నిశ్చింత. అరటిపండు ఒలిచి చేతిలో పెడితే, తొక్కమీద మచ్చలు లెక్కపెడుతూ కూర్చున్నాను. పిల్లని చంకలో పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే కాబోలు, కాకపోతే ఇక్కడ ఆ పిల్లని నేనే.

“తాళం వెయ్యలేదు తల్లీ. ముంగి వెయ్యనే లేదు” అన్నాడు బాబాయ్. అని, వాన లేకపోయినా గొడుగు సగం విప్పి దాని వెనక కళ్ళు తుడుచుకున్నాడు. నేను మాత్రం ఏ అడ్డూ పెట్టుకోకుండా ఏడ్చాను.

అంతా తేలిపోయిందని అనను. ఎవరికోసమో ఎప్పుడూ వేలెత్తే మనిషి, ఒక్కసారైనా నోరు తెరిచి నాతో మాట్లాడి ఉంటే ఏం పోయేదో నాకిప్పటికీ తెలియదు. ఒకసారి కోపం వస్తోంది, ఒకసారి ఆ వేలు పట్టుకోలేదే అనిపిస్తోంది. పక్కవాడి కంచం అని నువ్వు ఎప్పుడో రాసేశావు, నాకే తలకెక్కలేదు.

మ్యూజియంవాళ్ళకి ఆ పటం కూడా ఇచ్చేశాను. ఇవాళ పొద్దున్నే పట్టుకెళ్ళారు. వచ్చేవారం సభలో మాట్లాడతాను, నువ్వు ముందువరసలో కూర్చోవాలి. నాన్న నాతో చెప్పింది ఒక్క ముక్కే, అదే చెబుతాను.

వాళ్ళు వెళ్ళాక బల్ల గోడవారనుంచి లాగి, కిటికీ పక్కన ఆయన కుర్చీకి ఆనించి వేసుకున్నాను. టీ వేళకు ఎండ వచ్చి ఖాళీ గోడమీద పడింది. నేను జరిగాను అత్తయ్యా.

నీ తమ్ముడి కూతురు